పావు తక్కువ

ముషీరాబాద్‌లో మా కంపెనీ
ఖాదర్ మాస్టర్ టైలర్ షాపు నెత్తిమీద ఉంటుంది.
పద్నాలుగు మెట్లు, మూడు కుర్చీలు,
నేనూ ఫిరదౌసూ తిరుమలేశూ.
కింద కుట్టుమిషన్ ఆగితేగానీ
పైన మా మాట మాకు వినపడదు.

దర్జీల కోసం యాప్ చేస్తున్నామంటే
బ్యాంకాయన నవ్వాడు:
"సుద్దముక్కతో అయ్యే పనికి చార్జింగెందుకమ్మా?"

ఆ నవ్వింకా చెవుల్లో ఉండగానే మెయిల్ వచ్చింది,
చిన్న కంపెనీలకిచ్చే ఆసరాలో
మా పేరూ ఉందని.
ఏడాదిపాటు సర్వర్‌కి అద్దె లేదు.
ప్రతి గురువారం ఒక గంట
హైమవతి గారు మా కోడ్ చదువుతారు.
రాయదుర్గంలో ఫోన్లగది తాళం తీసిస్తారు.

పరేడ్ గ్రౌండ్ దగ్గర రైలు మారి వెళ్ళాం.
ఆరో అంతస్తు. అరల నిండా ఫోన్లు,
మూతి పగిలినవీ, బటన్ ఊడినవీ,
ఎవరి జేబులోనో చాలా ఎండలు చూసినవీ,
అన్నిటికీ సెలైన్ ఎక్కిస్తున్నట్టు వైర్లు.
కొత్తవాటిలో మా యాప్ పెళ్ళికొడుకులా నడిచింది.
పాతవాటిలో
ఎక్కం మరిచిన పిల్లాడిలా
మూడో తెర దగ్గర నోరు మూసుకుంది.
తిరుమలేశు నోట్‌బుక్కులో రాసుకున్నాడు:
చావులు, ముప్పై ఏడు.
"అట్ల రాయకురా" అంది ఫిరదౌస్.
కొట్టేసి, మూర్ఛలు అని రాశాడు.

"జాకెట్టు ఫొటోని పెళ్ళి ఆల్బమంత బరువుతో
మోయిస్తున్నారు, దించండి" అన్నారు హైమవతి గారు.
దించాం.
రెండు గురువారాల్లో ముప్పై ఏడు, నాలుగైంది.
మిఠాయి తెప్పిద్దామా అనుకుంటుంటే
ఆవిడ అడిగారు:
"ఇంతకీ కిందాయన వాడుతున్నాడా?"

వాడట్లేదు.
మూడు నెలలుగా పద్నాలుగు మెట్లు దిగి
అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

"రేపు కోడ్ ముట్టుకోకండి. షాపులో కూర్చోండి."

కూర్చున్నాం, గుండీల డబ్బాల మధ్య.
మాస్టర్ మెడలో టేపు, పళ్ళ మధ్య సూది.
కొలత ఆయన నోట్లోంచి వస్తుంది,
కుర్రాడి పెన్సిల్లోకి పోతుంది:
"ఛాతీ పావు తక్కువ నలభై.
భుజం పదిహేడున్నర."
తర్వాత గొంతు తగ్గించి,
"కుడి భుజం జర జారింది.
ఆయనకి చెప్పకు, రాయి."

మా తెరమీద ఒక గడి ఉంది.
అది అంకెలు మాత్రమే తీసుకుంటుంది.
జర జారిన భుజానికి అందులో చోటు లేదు.

"నా చేతుల టేపుంటది బిటియా,
టైపు ఏ చేత్తోని కొట్టాలె?"

గురువారం ఆ మాట అలాగే ఒప్పజెప్పాం.
హైమవతి గారు చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత మాట వినే యంత్రాల గది నుంచి
ఒక కుర్రాణ్ణి మాకు అప్పిచ్చారు, పది రోజులకి.
మొదటి రోజు అది విన్నది:
"పాలు తక్కువ నలభై."
బోయిగూడ నుంచి వచ్చిన కస్టమర్‌కి
మీ ఛాతీ: పాలు తక్కువ, అని మెసేజ్ వెళ్ళింది.
మాస్టర్ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
పదో రోజుకి పావు, పావైంది.
గడి పక్కన ఇంకో గడి వేశాం,
కస్టమర్‌కి కనపడనిది.

ఇప్పుడు ఇరవయ్యారు షాపులు
నెలకి నలభై తొమ్మిది రూపాయలు కడతాయి.
ఆసరా ఇంకా నలభై ఒక్క రోజులుంది.
ఆ తర్వాత వచ్చే సర్వర్ బిల్లు
మా గది అద్దెకన్నా ఎక్కువ.
తిరుమలేశు లెక్క ఎటునుంచి వేసినా
పావు తక్కువే వస్తోంది.

రాత్రి మెట్లు దిగుతుంటే
మాస్టర్ ఎవరో పిల్లాడి స్కూలు ప్యాంటు మడతపెడుతున్నాడు.
అంచు లోపల రెండంగుళాల గుడ్డ
కత్తిరించకుండా వదిలేశాడు.
"వచ్చే ఏడాదికి విప్పుకుంటడు" అన్నాడు,
నేను అడక్కుండానే.
లైటార్పే ముందు మా తిరుమలేశు వంక
ఒక్కసారి ఎగాదిగా చూసి
ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని
మెల్లగా ఏదో చెప్పాడు.